మా లైన్లో వకీలు లేడు

మూడో నంబరు అత్త పోయింది. కార్తీక సోమవారం పొద్దున్న నేను దీపం పెట్టి లేస్తుంటే, ఊరి చివర బిర్సానగర్ నుంచి ఆవిడ అల్లుడు సైకిలు మీద వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. ఆ నిలబడడంలోనే నాకు తెలిసిపోయింది.

“పెద్దక్కా, తెల్లారగట్ట ఎల్లిపోనాది,” అన్నాడు. తర్వాత ఏమనాలో తోచక సైకిలుకి తగిలించిన సంచిలోంచి ఒక లైబ్రరీ పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. “ఇది నీకు ఇచ్చీమంది. శనివారం లోపల లైబ్రరీకి అప్పజెప్పీయాలట. నిన్నంతా అదే గోల.”

ఆవిడ నాకు చుట్టం కాదు. మా లైనంతటికీ అత్త. లైను అంటే ఈ హిందీ ఊళ్లో ఉక్కు ప్లాంటువాళ్లు కట్టించిన, ఒకే కప్పు కింద వరసగా పది క్వార్టర్లు, చివర ఒక కుళాయి. మామయ్య రిటైరై క్వార్టరు ఖాళీ చేసి బిర్సానగర్ వెళ్లేదాకా ఆవిడ మూడో నంబరులోనే ఉంది. వెళ్లాక కూడా అది మూడో నంబరు అత్త ఇల్లే. ఇప్పుడు అందులో ఉంటున్నవాళ్లకి పాపం ఇంకా పేరు రాలేదు.

మా ఆడవాళ్లలో సగం మందికి చదువు లేదు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు బళ్లో హిందీ చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు గాని అక్షరం పోల్చలేరు. అందుకని మధ్యాహ్నం రెండు గంటల సైరన్ మోగి బి-షిఫ్టు మగవాళ్లు వెళ్లగానే, ఎవరి చేతిపని వాళ్లు పట్టుకుని మూడో నంబరు వసారాలోకి చేరేవారు. ఒకరు బియ్యం ఏరుకుంటూ, ఒకరు స్వెట్టరు అల్లుకుంటూ. అత్త చదివేది.

కళ్లజోడు కాడ ఒకటి విరిగితే అక్కడ దారం కట్టుకుంది. ఆ దారం చెవికి చుట్టుకుని ముందు అట్ట మీద పేరు చదివేది, తర్వాత లోపల అచ్చు వేసిన ప్రెస్సు పేరూ ఊరూ కూడా చదివేది. “అచ్చేసినోడు కష్టపళ్లేదేటి? ఆడి పేరూ సదవాల,” అనేది. చదివినంత మేరకి చీపురు పుల్ల గుర్తు. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా ఆ పుల్ల దాటి ఒక్క పేజీ చూసేది కాదు. “మీకంటే ముందు నాకు తెలిసిపోతే, నా గొంతులో మీకు తెలిసిపోద్ది,” అనేది.

పుస్తకాలు మా తెలుగువాళ్లంతా కలిసి నడుపుకునే ఒక గది లైబ్రరీ నుంచి వచ్చేవి. తిరిగి ఇచ్చేటప్పుడు వెనక తెల్ల పేజీలో అభిప్రాయం రాయాలని అక్కడ నియమం. మగవాళ్లకి నవల మొత్తం చదివే ఓపిక ఉండేది కాదు గాని ఆ వెనక పేజీ మాత్రం తప్పకుండా చూసేవారు. అత్త ఏ పుస్తకానికీ రాయకుండా వదల్లేదు. ఒక దానికి ఇలా రాసింది: “కథ బాగుంది. కాని ఇంతమంది ఇన్ని రోజులు కొండల్లో తిరిగారు, ఒక్కరు అన్నం తిన్నట్టు లేదు.”

నేను ఆ వసారాకి పెద్దగా వెళ్లేదాన్ని కాదు. నాకు తెలుగు చదవడం వచ్చు, కాని నా చదువు స్తోత్రాల దగ్గరే ఆగింది. హత్యల కథలంటే ఇష్టం ఉండేది కాదు. ఒక్క నవలకి మాత్రం రోజూ వెళ్లి కూర్చున్నాను. సరదాతో వెళ్లలేదు.

పదేళ్ల పైమాట. తెలుగు వచ్చిన ప్రతి ఇంట్లోనూ అప్పుడు ఆ నవల మాటే. దాని పేరు రాయను. ఇంకా చదవనివాళ్లు ఉంటారు, ముగింపు నేనిక్కడ చెప్పేయబోతున్నాను. ఒక పెద్ద మేడ, అందులో డబ్బున్న ఒక పెద్దావిడ. రోజురోజుకీ నీరసించి చనిపోతుంది. ఇంట్లో మేనకోడలు, వంటమనిషి, కారు డ్రైవరు, ఆస్తి వ్యవహారం చూసే వకీలు, రోజూ సాయంత్రం వచ్చి మందు తాగించి వెళ్లే కాంపౌండరు. వీళ్లలో ఎవరు చంపారన్నది కథ.

అత్త మొదలుపెట్టిన రోజునే ఎనిమిదో నంబరు కొత్త కోడలు, శ్రీకాకుళం నుంచి వచ్చి రెండు నెలలైన పిల్ల, “ఇది నేను చదివీశానండి,” అంది.

“సదివీస్తే సదివీసినావు గాని నోరిప్పకు. మా నోటికాడ ముద్ద లాగీకు,” అంది అత్త నవ్వుతూ.

నా తమ్ముడు కాంపౌండరు.

అమ్మ పోయాక పన్నెండేళ్లవాడిని నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఆయన ప్లాంటులో క్రేను నడిపేవారు. వాడు ప్లాంటులోకి వెళ్లనన్నాడు. బజార్లో ఒక డాక్టరు గారి దగ్గర చేరి మందులు కలపడం, కట్టు కట్టడం నేర్చుకున్నాడు. లైన్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరు గారు రాసిన మందు వాడే తెచ్చి ఇచ్చేవాడు. కాగితం ముక్కని గాట్లు గాట్లుగా కత్తిరించి సీసాకి అంటించి, “పొద్దున్నో గాటు, సాయంత్రమో గాటు,” అని చెప్పేవాడు. వాడు సూది వేస్తే నొప్పి తెలియదని పేరు.

ఆ వానాకాలం ఆరో నంబరు ముసలమ్మ పోయింది. ముందు రోజు సాయంత్రం సూది వేసింది మా తమ్ముడు. డాక్టరు గారు రాసిందే వేశాడు. ఎనభై దాటిన మనిషి, గుండె ఆగిందని డాక్టరు గారే చెప్పారు. ఎవరూ ఏమీ అనలేదు. పదిహేను రోజుల తర్వాత అత్త ఈ నవల తెచ్చింది.

ఆరో రోజు అనుకుంటాను, ప్లాంటులో రైలింజను డ్రైవరు భార్య పైడమ్మ చదువు మధ్యలో అడ్డొచ్చింది. లైన్లో అందరికంటే పెద్ద నోరు ఆవిడది.

“ఆ కాంపౌండరే. నాకు మొదట్నుంచీ ఆడిమీదే శక్కు.”

“డ్రైవరు కాదేటి? కారు కడుగుతా దొంగసూపులు సూసినాడు,” అంది పక్కనున్నావిడ.

“ఓసోస్! డ్రైవర్లని అనకే, నా మొగుడు డ్రైవరు. అయినా సేతిలో మందున్నోడికి కత్తెందుకు? ఓ సెంచా సాల్దా?”

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒకరిద్దరు నా వైపు చూశారు. చూసి చటుక్కున బియ్యం చేటలోకి తలలు దించుకున్నారు. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

“నోర్మూసుకుని ఇనండే,” అంది అత్త. “మీరే సెప్పీసుకుంటే నానెందుకు గొంతు సించుకోడం?”

రెండు రోజుల తర్వాత కుళాయి పక్క కాలవలో ఒక మందు సీసా కనిపించింది. గాట్ల కాగితం అలాగే ఉంది. మూత కూడా తీయలేదు. నాలుగు రోజులుగా జ్వరంతో ఉన్న పైడమ్మ కూతురికి మా తమ్ముడు ఇచ్చిన మందు అది. వాడే చూశాడు. తీసి, కుళాయి కింద కడిగి, ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాడు. ఆ పిల్ల ఏడుపు మాత్రం గోడల మీదుగా వినిపిస్తూనే ఉంది.

మర్నాటి నుంచి వాడు కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. ఎవరికి మందిచ్చినా వాళ్ల ఎదురుగా ముందు తనే ఒక చెంచా తాగి చూపించేవాడు. “సూడండి, నాను తాగినాను. ఇప్పుడియ్యొచ్చా?” అని నవ్వేవాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు.

“ఈయాల మూడిళ్లు తిరిగినాను అక్కా. ఒకటి జొరానికి, ఒకటి దగ్గుకి, ఒకటి వాంతులకి. మూడూ తాగినాను. రేపు నాకేటి రోగం వత్తాదో నాకే తెల్దు.”

“మానీరా,” అన్నాను.

“మానీసి ఆదిత్యపూర్ కార్ఖానాలో లేత్ పనికి పోతాను. ఇనుము నన్ను సూసి బయపడదు కదా.”

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం వాడు నా నీరసానికి తెచ్చిన టానిక్కు మూత తీసి, తాగే ముందు నేను వాసన చూశాను. అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. నా చేత్తో అన్నం కలిపి పెట్టి పెంచినవాడు. దేవుడి ముందు కూర్చుంటే జపం లెక్క తప్పిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తప్పింది.

మర్నాడు పొద్దున్న అత్త రేషను కిరోసిన్ క్యూకి వెళుతూ తాళంచెవి నాకిచ్చింది. నేను తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, పుల్ల కదలకుండా పుస్తకం తిప్పి, నిలబడే చివరి అధ్యాయం చదివాను. కాంపౌండరే. ఎంత బాగా రాశారో కూడా! మెత్తగా మాట్లాడేవాడు, ఎప్పుడూ నవ్వేవాడు, సూది వేస్తే నొప్పి తెలియనివాడు. వెనక తెల్ల పేజీలో ఎవరో రాశారు: “కాంపౌండరని కలలో కూడా అనుకోలేదు!” దాని కింద ఇంకొకరు: “నమ్మకంగా ఉండేవాళ్లనే నమ్మకూడదు.”

అత్త వచ్చేసరికి పుస్తకం ఇంకా నా చేతిలోనే ఉంది.

“అత్తా, ఆకర్న కాంపౌండరే,” అన్నాను.

చేతిలో కిరోసిన్ డబ్బాతో అలాగే నిలబడిపోయింది. “సెప్పీసినావా,” అంది. కోపం లేదు ఆ గొంతులో. చేతిలో మిఠాయి కింద పడిపోయిన పిల్ల గొంతు అది. చివర ముందే తెలిసి ఆవిడ చదివిన నవల జీవితంలో అదొక్కటే. ఆ నష్టం చేసింది నేను.

“ఇక్కడితో ఆపీ అత్తా. పుస్తకం పోనాదని సెప్పీ.”

“ఆపితే ఆకరు ఆళ్లే సెప్పుకుంటారే. ఆళ్ల మనసులో ఉన్నది నా నోట్లోంచి రావడమే తరువాయి.”

“మరేటి సేత్తావు?”

“సదుతాను,” అంది.

డబ్బా పక్కన పెట్టి పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

చివరి రోజు వాన. వసారా నిండిపోయింది, ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. పైడమ్మ పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది, పిల్ల మొహం కందిపోయి ఉంది. నా పక్కనే ఎనిమిదో నంబరు కోడలు. అత్త ఏం చేయబోతోందో నాకు తెలియదు. కాని ఏం చేసినా, ఆ పుస్తకం చదివిన మనిషి ఒకరు అక్కడ కూర్చుని ఉన్నారు.

అత్త దారం చెవికి చుట్టుకుని మొదలుపెట్టింది. ‘ఇన్‌స్పెక్టరు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.’ అది పుస్తకంలో ఉంది. ‘కాంపౌండరు తల వంచుకుని నిలబడ్డాడు.’ అదీ ఉంది. అక్కడ ఆగి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది.

‘ఇన్‌స్పెక్టరు మందు సీసా పైకెత్తి చూపించాడు. ఈ మందు ఆవిడ కంటే ముందు రోజూ తాగిన మనిషి ఒకడున్నాడు, అన్నాడు.’

అది పుస్తకంలో లేదు.

ఆ పెద్దావిడకి అందరి మీదా అనుమానమట. అందుకని కాంపౌండరు రోజూ ముందు తనొక చెంచా తాగి, తర్వాత ఆవిడకి ఇచ్చేవాడట. ఆవిడ పోయాక అతను కూడా మంచం పట్టాడట. అతని జబ్బే విషాన్ని పట్టించిందట. మధ్యాహ్నం పూట సంతకాల మిషతో వచ్చి సీసాలో కలిపి పోయింది వకీలు. మా అత్త నోట యాస లేని మాట నేను ఏనాడూ వినలేదు. ఆ రోజు మూడు పేజీలు అచ్చు పుస్తకం భాషలో, ఒక్క తడబాటు లేకుండా, వేలు వరస మీద నడిపిస్తూ, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతూ చెప్పుకుపోయింది.

“అదేంటండీ,” అంది ఎనిమిదో నంబరు కోడలు. “నేను చదివినప్పుడు...”

పైడమ్మ ఇటు తిరిగింది. “ఏటి? నువ్వు సదివినప్పుడేటి?”

అత్త ఆగింది. తల ఎత్తలేదు. వేలు ఆ వరస మీదే ఉంది, కదలడం లేదు. ఆ కోడలు పిల్ల ఆ వేలు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలియదు.

“నేను చదివినప్పుడు ఇక్కడ ఏడుపొచ్చీసిందండి,” అంది.

“వచ్చీదే మరి!” అంది పైడమ్మ ముక్కు తుడుచుకుంటూ. “వకీలా! కోటేసుకున్నోడు సీసాలో కలపడమేటి! పాపం ఆ కాంపౌండరు తాగి మరీ సూపించినాడు, మన పెద్దక్క తమ్ముడిలాగ...” అని ఆగిపోయింది. ఒళ్లో పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

మర్నాడు కుళాయి రాకముందే పైడమ్మ పిల్లని భుజాన వేసుకుని మా గుమ్మంలో ఉంది. “తమ్ముడున్నాడేటి? పిల్లకి మందు మల్లీ కలిపిమ్మను. పాతది... ఒలికిపోనాది.”

పాతది మా కిటికీలోనే ఉంది, ఆవిడకి ఎదురుగా. ఇద్దరం దాన్ని చూడనట్టే ఉన్నాం. తమ్ముడు డాక్టరు గారిని పిలిచి పిల్లని చూపించి, కొత్త మందు తెచ్చాడు. అలవాటు కొద్దీ చెంచాలో పోసుకుని నోటి దాకా తెచ్చుకుంటే పైడమ్మ చెయ్యి పట్టుకుంది. “సాల్లే. నువ్వు తాగీస్తే పిల్లకేటి మిగుల్తాది?”

వాడు లేత్ పనికి వెళ్లలేదు.

తర్వాత ఒకరోజు అత్తని అడిగాను, వకీలే ఎందుకని. “డ్రైవరంటే పైడమ్మ మొగుడు. వంటమనిషంటే నాలుగో నంబరావిడ వంటలకెల్తాది. మేనకోడలు ఇంటికొకర్తి ఉంది. లైనంతా ఎతికినానే. వకీలు లేడు,” అంది.

“అబద్దమే కదా అత్తా?”

“పుస్తకమంతా అబద్దమే కదే. అందులో నానో మూడు పేజీలు కలిపినాను.”

అది తప్పో ఒప్పో నేను ఈ రోజుకీ తేల్చుకోలేదు. ఆవిడకీ తేలలేదు. ఏడెనిమిదేళ్ల తర్వాత ఆ జ్వరం పిల్ల అక్కకి ఒక వకీలు సంబంధం వస్తే పైడమ్మ ఒప్పుకోలేదు. “ఒద్దమ్మా, ఆళ్లు సీసాల్లో కలిపీగల్రు,” అందట. అత్త కంగారుపడి లైబ్రరీ అంతా గాలించి, మంచి వకీలున్న నవల ఒకటి తెచ్చి పది రోజులు చదివింది. అది పూర్తయ్యేసరికి ఆ సంబంధం వేరేచోట కుదిరిపోయింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా బాధపడేది.

ఆవిడ పోయిన రోజుకి వస్తాను. అల్లుడు గుమ్మంలో ఉండగానే తమ్ముడు లోపల్నుంచి వచ్చి విన్నాడు. వాడికి నలభై దగ్గరపడుతోంది, చెవుల దగ్గర తెల్లబడింది. అత్త ఆయాసానికి రెండు నెలలుగా బిర్సానగర్ వెళ్లి సూది వేసి వస్తున్నది వాడే.

“నిన్న సాయంత్రం సూదేసింది నానే,” అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. వాడి చెయ్యి తలుపు చెక్కని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పాత భయం ఇన్నేళ్లూ ఎక్కడికీ పోలేదని నాకప్పుడు అర్థమైంది. వాడిలోనూ, నాలోనూ.

అల్లుడు వాడి వైపు చూశాడు. “నువ్వొచ్చీదాకా ఇంకెవుల్నీ సెయ్యి ముట్టుకోనిచ్చీది కాదు బావా. నిన్న నువ్వెళ్లినాక నిద్రట్టింది. నెల్లాళ్లకి అదే మంచి నిద్ర,” అన్నాడు. తమ్ముడు తలుపు వదిలి, ఆ సైకిలు పక్కన నడుచుకుంటూ బిర్సానగర్ వెళ్లాడు.

శనివారం నేను లైబ్రరీకి వెళ్లి అత్త ఆఖరి పుస్తకం అప్పజెప్పాను. చీపురు పుల్ల సగంలోనే ఉంది. దాన్ని తీసి కొంగున ముడివేసుకున్నాను. ఆ తర్వాత అల్మారాలో ఆ పాత నవల కోసం వెతికాను. అట్ట ఊడి, కుట్టు వేసి, ఇంకా ఉంది. వెనక తెల్ల పేజీ తిప్పాను. నేను ఆ రోజు చదివిన అభిప్రాయాలు కనబడలేదు. వాటి మీద ఒక కాగితం అంటించి ఉంది, దాని మీద అత్త గుండ్రటి చేతిరాత:

“కథ బాగా రాశారు. భయం వేసింది. ఒక్కరే చదువుకునేవారికి ఫరవాలేదు. నలుగురిలో గట్టిగా చదివేవారు, ఆ నలుగురూ ఎవరో ఒకసారి చూసుకుని చదవండి. — మూడో నంబరు క్వార్టరు.”

ఆ పుస్తకం నా పేరు మీద రాయించుకుని ఇంటికి తెచ్చాను. తమ్ముడు చూసి చేతిలోకి తీసుకున్నాడు. నవలలు చదివే అలవాటు వాడికి లేదు. అత్త రాసింది మాత్రం రెండుసార్లు చదివాడు. కాగితం ఒక మూల పైకి లేచి ఉంది. కింద పాత సిరా కొంచెం కనబడుతోంది.

“కింద ఏటుంది అక్కా?”

“పాత అభిప్రాయాలు,” అన్నాను.

వాడు ఆ మూలని చూస్తూ ఉన్నాడు. గోరు పెట్టి లేపలేదు. నేను గిన్నెలోంచి ఒక అన్నం మెతుకు తెచ్చి, మెత్తగా నలిపి ఆ మూల కింద రాసి, బొటనవేలితో అదిమాను. వాడు కూడా తన వేలు నా వేలి పక్కన పెట్టి నొక్కాడు. అది ఆరేదాకా ఇద్దరం తీయలేదు.